కొండవెలగాడకు జన్యువు లేదు

చిన్న గొట్టంలో ఉమ్మి పోసి కంపెనీకి పంపితే కొన్ని వారాల్లో ఫోన్‌లోకి రిపోర్టు వచ్చేస్తోంది. జుట్టు రింగులు తిరగడం, పాలు అరగడం గురించిన పేజీల మధ్య కండరాల గురించి ఒక పేజీ ఉంటుంది. డల్లాస్‌లో స్థిరపడ్డ రాజాం మనిషైనా, విజయనగరం దాటని బ్యాంకు ఉద్యోగైనా ఆ పేజీ దగ్గర ఆగి చేసే పని ఒకటే. హైస్కూలు రోజుల్ని తవ్వితీసి రిపోర్టు పక్కన పెట్టుకుంటాడు. వంద మీటర్ల పరుగులో జిల్లా పోటీల దాకా వెళ్లినవాడికి ‘పవర్ క్రీడలకు తగిన కండరాలు’ అని వస్తే ‘నేనప్పుడే అనుకున్నాను’ అంటాడు. ఎప్పుడూ వెనకబడినవాడికి అదే మాట వస్తే, తనలో సరుకుందని డ్రిల్లు మాస్టారు కనిపెట్టలేకపోయాడంటాడు. ‘ఓర్పు క్రీడలకు తగిన కండరాలు’ అని వస్తే మొదటివాడు జన్యువును కూడా జయించానని మురిసిపోతాడు, రెండోవాడికి ఇన్నాళ్లకు ఒక సాకు దొరుకుతుంది. నాలుగు రకాలుగానూ రిపోర్టే గెలిచింది. గతం ఎలా ఉన్నా సరిపోయే మాట ఆ గతం గురించి ఏమీ చెప్పనట్టే. అయినా చదువుకున్నవాళ్లలో ఈ పోలిక ఇప్పుడు ఒక రుజువుగా చెలామణీ అవుతోంది. ‘నా విషయంలో కరెక్టుగా చెప్పింది, కాబట్టి మా అబ్బాయి విషయంలోనూ చెబుతుంది’ అనే దాకా వచ్చింది. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. ఈ పోలికతో రిపోర్టు నిజమనీ తేలదు, మన ఒంటి గుట్టూ బయటపడదు. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆటల చరిత్రనే తీసుకుంటే అది ఈ నమ్మకానికి అడుగడుగునా అడ్డం తిరుగుతుంది.

ముందు ఆ పేజీ వెనక ఉన్న సరుకెంతో చూడాలి. చాలా రిపోర్టుల్లో ఈ తీర్పుకు ముఖ్య ఆధారం ఏసీటీఎన్3 అనే ఒక్క జన్యువు. చటుక్కున బిగుసుకునే కండర తంతువుల్లో ఉండే ఆల్ఫా ఆక్టినిన్ 3 అనే ప్రోటీన్‌కు అది నమూనా. అందులో ఒకచోట ఒక్క అక్షరం మారితే ఆ ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అలాంటి ప్రతులే అందినవాళ్ల కండరాల్లో ఆ ప్రోటీన్ అసలుండదు. అది జబ్బేమీ కాదు, బతికినంతకాలం వాళ్లకు ఆ సంగతే తెలియదు. 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు తమ దేశపు మేటి క్రీడాకారుల్ని పరీక్షించారు. మామూలు జనంలో 18 శాతం మందికి ఈ ప్రోటీన్ లేకపోగా, స్ప్రింట్, పవర్ క్రీడల వాళ్లలో అలాంటివాళ్లు 6 శాతమే కనిపించారు. శాస్త్రం చెప్పింది అంతవరకే. 2008 నాటికి అమెరికాలోని బౌల్డర్‌లో ఒక సంస్థ ఈ ఒక్క జన్యువు పరీక్షను పిల్లల తల్లిదండ్రులకు 149 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. ఇక చిన్న లెక్క చూడండి. ప్రోటీన్ లేనివాళ్లు అయిదుగురిలో ఒకరు చొప్పున ఉంటే, మిగతా నలుగురికీ కనీసం ఒక పనిచేసే ప్రతి ఉన్నట్టే. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ముప్ఫై ఇద్దరికి ‘మేటి పవర్ క్రీడాకారుల్లో ఎక్కువగా కనిపించే రకం’ అన్న మాట వస్తుంది. వాళ్లలో పందెం గెలిచినవాడూ ఉంటాడు, గేమ్స్ పీరియడ్ రాగానే కడుపునొప్పి తెచ్చుకునేవాడూ ఉంటాడు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త తన విద్యార్థులందరికీ అక్షరం తేడా లేకుండా ఒకే వ్యక్తిత్వ వర్ణన ఇచ్చి, అది మీకెంత సరిపోయిందని అడిగితే, వాళ్లు 5 మార్కులకు సగటున 4.26 వేశారు. అక్కడ వ్యక్తిత్వ వర్ణన, ఇక్కడ డీఎన్‌ఏ. సరిపోయిందన్న తృప్తిలో మాత్రం తేడా లేదు.

ఆస్ట్రేలియా లెక్కనే వేరే దేశాలకు తీసుకెళ్తే ఏమవుతుందో కూడా చూశారు. జమైకా వాళ్లు వంద మీటర్ల పరుగులో ప్రపంచాన్ని ఏలారు. వాళ్ల మేటి స్ప్రింటర్లను, ఎన్నడూ పరిగెత్తని జమైకా మామూలు జనాన్ని పోల్చి చూస్తే ఈ జన్యువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ప్రోటీన్ లేనివాళ్లు రెండు వర్గాల్లోనూ చాలా అరుదు. ఇంకా విచిత్రం కెన్యాది. అక్కడ ఆ ప్రోటీన్ లేనివాళ్లు నూటికి ఒక్కరు అటూ ఇటూ. రిపోర్టు భాషలో చెప్పాలంటే దేశమంతా ‘పవర్’ కండరాలే. వాళ్లు మాత్రం మారథాన్లు గెలుస్తారు. స్పెయిన్‌కు చెందిన ఒక లాంగ్‌జంపర్‌కు ఈ ప్రోటీన్ అసలు లేదని 2007లో ప్రకటించారు. అతను అప్పటికే ఒలింపిక్స్‌లో ఆడినవాడు, ఎనిమిది మీటర్లకు పైగా దూకినవాడు. ఈ జన్యువు పనితనం ఏమీ లేదని నేననడం లేదు. ఉంది. మేటి స్ప్రింటర్ల పరుగు కాలాల్లో ఒకరికీ మరొకరికీ ఉన్న తేడాలో అది వివరించగలిగేది ఒక శాతం అటూ ఇటూ. ఒలింపిక్ ఫైనల్లో సెకనులో వందో వంతు దగ్గర ఆ శాతానికి విలువుండొచ్చు. పాలకొండ హైస్కూలు గ్రౌండ్‌లో ముళ్లు ఏరుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లల మధ్య ఆ శాతాన్ని వెతకడం హాస్యాస్పదం.

పోలికలో రెండో పక్క ఉన్నదాని సంగతి ఎవరూ అడగరు. బడిలో గెలిచిన పందెం మన ఒంటి స్వభావానికి కొలత అని ఎవరు తేల్చారు? పదమూడేళ్ల వయసులో కొందరు పిల్లలకు మీసం మొలుస్తుంది, కొందరి గొంతు కూడా మారదు. అండర్ 14 పోటీల్లో గీత దగ్గర ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు. ముందు ఎదిగినవాడు గెలుస్తాడు, మూడేళ్ల తర్వాత రెండోవాడు అందుకుంటాడు, కానీ అప్పటికి మొదటివాడి ఇంట్లో షీల్డు, రెండోవాడి చేతిలో ఇంటర్ పుస్తకాలు. పైగా మన పల్లెల్లో ఒక తరం పుట్టిన తేదీలు బడిలో చేర్చుకునే రోజున పంతులుగారు వేసినవే. ఊళ్లో సగం మంది జూన్, జూలైల్లోనే పుట్టినట్టు రికార్డులు చెబుతాయి. ఆడపిల్లల సంగతి ఇంకో తీరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎనిమిది వందల మీటర్లలో రెండో రౌండుకే ఆయాసపడి కూలబడిన పిల్లకు ఇరవై ఏళ్ల తర్వాత ‘ఓర్పు తక్కువ’ అని రిపోర్టు వస్తే చక్కగా సరిపోయినట్టే ఉంటుంది. అప్పుడు ఆమెకు తక్కువైంది ఐరన్ మాత్రలు కావచ్చని రిపోర్టులో ఏ పేజీ చెప్పదు. శ్రీకాకుళం కుర్రాళ్లకు బాగా తెలిసిన కొలత మరొకటుంది. ఆర్మీ ర్యాలీల్లో చాలా ఏళ్లపాటు 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు, ఇంకో 15 సెకన్ల లోపు వస్తే 48, ఆ తర్వాత వచ్చినవాడు ఇంటికే. బీమ్ మీద పది పుల్లప్స్ తీస్తే 40. ఈ 5.45 దగ్గర దెబ్బతిన్నవాళ్లు మన పల్లెల్లో కోకొల్లలు. వాళ్లలో కొందరు మరుసటేడు అదే పరుగులో నెగ్గి సైన్యంలో చేరారు. ఏడాదిలో మారింది వాళ్ల జన్యువు కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి తారు రోడ్డు మీద పరిగెత్తిన నెలలు, ముందు పరిగెత్తుతూ వేగం చూపించిన సీనియరు, ఇంట్లో గుడ్డుకు దొరికిన డబ్బులు. పిక్కబలం అని మనం పిలిచేదాంట్లో ఇవన్నీ కలిసే ఉన్నాయి.

ఈ వాదనకు నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ. వ్యవసాయం, కూలి పని చేసుకునే కుటుంబాల ఊరు. అక్కడి నుంచి వచ్చిన వెయిట్‌లిఫ్టర్లు రాష్ట్ర, జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చి స్పోర్ట్స్ కోటాలో కొలువులు సంపాదించుకున్నారు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొత్తం 188 కిలోలు ఎత్తింది. మొదట స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో సంతోషి కాంస్యం రజతమైంది. ఇలాంటి ఊరు గురించి చదవగానే ‘అక్కడివాళ్ల రక్తంలోనే ఏదో ఉంది’ అనడం చాలామందికి అలవాటు. కాస్త నిలబడి ఆలోచిస్తే ఆ మాట నిలవదు. కొండవెలగాడ ద్వీపం కాదు. అక్కడి ఆడపిల్లలు చుట్టుపక్కల ఊళ్లకు కోడళ్లుగా వెళ్తారు, ఆ ఊళ్ల పిల్లలు అక్కడికి కోడళ్లుగా వస్తారు. మేనరికాలు, ఇచ్చిపుచ్చుకోవడాలు తరతరాలుగా సాగుతున్న ప్రాంతం ఇది. ఏదైనా బలం జన్యువు ఆ ఊళ్లో ఉందనుకుంటే పెళ్లి పల్లకీల్లోనే చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ చేరి ఉండాలి. పక్క ఊళ్లకు పేరెందుకు రాలేదు? ఇంకో మాట. పండగలకు సంగిడి రాళ్లు, ఉలవల బస్తాలు ఎత్తే పోటీలు ఈ ప్రాంతంలో చాలా ఊళ్లలో ఉన్నవే. సంగిడిని భుజం దాటించి జనం చేత ఈలలు వేయించుకున్న వస్తాదులు ఊరూరా ఉన్నారు. బలం అన్నిచోట్లా ఉంది. ఇనుప బారు, ప్లేట్లు, వాటిని ఎత్తే పద్ధతి తెలిసిన పెద్దవాడు, రోజూ వచ్చి చూసే పిల్లలు, అందులోంచి ఉద్యోగం తెచ్చుకుని ఊళ్లోకి తిరిగొచ్చిన మొదటి మనిషి మాత్రం అన్నిచోట్లా లేరు. స్నాచ్ అంటే సంగిడి ఎత్తడం కాదు. బారు మోకాలు దాటేదాకా ఓపికపట్టి, దాటగానే తుంటిని ఒక్క ఊపుతో ముందుకు తెచ్చి, బారు గాల్లో ఉన్న ఆ అరక్షణంలో దాని కిందకు జారి గొంతుకూచోవాలి. ఇది ఎవడో పక్కన నిలబడి వేలసార్లు సరిదిద్దితే వచ్చే విద్య. ఒక ఊళ్లో ఆ ‘ఎవడో’ ఉంటాడు, ఇంకో ఊళ్లో ఉండడు.

ఇక్కడ వెంటనే ఎదురయ్యే పేరు కరణం మల్లేశ్వరిది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగి, 1994, 1995ల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయి, 2000 సిడ్నీలో ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళగా నిలిచిన ఆమెను చూపించి, అక్కచెల్లెళ్లంతా లిఫ్టర్లే కదా, ఇది వంశంలో ఉన్నదే కదా అంటారు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు పంచుకునేది జన్యువులొక్కటే అయితే ఈ వాదనకు బలముండేది. వాళ్లు ఒకే వంట తిన్నారు, ఒకే తల్లి ప్రోత్సాహం అందుకున్నారు, నీలంశెట్టి అప్పన్న శిక్షణ ఇచ్చిన చోటికే వెళ్లారు. రెండూ కలిసే ఉన్నచోట ఒకదాని ఖాతాలోనే మొత్తం జమ వేయడం లెక్క తెలియనివాళ్లు చేసే పని. బక్కగా ఉందని మొదట ఆమెను చేర్చుకోలేదని ఆమె గురించి రాసినవాళ్లు చాలామంది చెబుతారు. అదే నిజమైతే, అనుభవమున్న కళ్లు నిలువెత్తు మనిషిని ఎదురుగా చూసి కూడా పొరబడ్డాయన్నమాట. గొట్టంలో ఉమ్మిని చూసేవాళ్లు ఆ పొరపాటు చేయరని ఎలా నమ్మాలి? అసలు ఇంతకన్నా పెద్ద సంగతి తేదీలది. ఆడవాళ్ల ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు మొట్టమొదట జరిగింది 1987లో, అమెరికాలోని డేటోనా బీచ్‌లో. 1975లో పుట్టిన మల్లేశ్వరికి అప్పుడు పన్నెండేళ్లు, ఇంచుమించు ఆ వయసులోనే ఆమె బారు పట్టింది. ఒలింపిక్స్‌లోకి ఆడవాళ్ల లిఫ్టింగ్ వచ్చింది సరిగ్గా 2000లోనే. ఆ జన్యువులతోనే ఆమె ఒక పదిహేనేళ్లు ముందు పుట్టి ఉంటే రిపోర్టులో ఒక్క అక్షరం మారేది కాదు, పతకం మాత్రం ఉండేది కాదు. సిడ్నీలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. స్వర్ణం, రజతం గెలిచిన చైనా, హంగరీ లిఫ్టర్లు ఇద్దరిదీ 242.5. చివరి ప్రయత్నానికి ఆమె బారు మీద 137.5 పెట్టించారు, అది లేవలేదు. 132.5 పెట్టి ఎత్తి ఉంటే ఆమెదీ 242.5 అయ్యేది. ఆ నిర్ణయం తప్పో ఒప్పో ఇప్పుడు తేల్చనక్కర్లేదు. పతకం రంగు తేలింది మాత్రం బారు మీద ఎంత పెట్టాలన్న ఆ లెక్క దగ్గర.

పాతకాలానికి వెళ్లినా ఇదే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న కథే అందరికీ తెలుసు. ఆయన విజయనగరంలో పెరిగి సాము చేసి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి బడి పిల్లలకు వ్యాయామం నేర్పిన మాస్టారన్న సంగతి వెనకబడింది. కలియుగ భీముడన్న బిరుదు పుట్టుకను పొగుడుతుంది, కసరత్తును మింగేస్తుంది. అదే విజయనగరం రాజకుటుంబం నుంచి వచ్చిన విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెనై, మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. ఆయనకు కెప్టెన్సీ తెచ్చిపెట్టిన గుణం ఏ క్రోమోజోమ్ మీద ఉందో వెతకనవసరం లేదు, వంశపారంపర్యమన్నది మాత్రం నిజం.

ఇప్పుడు అవతలి పక్షపు గట్టి వాదన. క్రీడాశక్తిలో వంశపారంపర్యం ఉందని తేలలేదా? తేలింది. బ్రిటన్‌లో కవల ఆడవాళ్లపై చేసి 2007లో ప్రకటించిన అధ్యయనం, పోటీల స్థాయి క్రీడాకారులు కావడంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 66 శాతం జన్యువులదేనని అంచనా వేసింది. హెరిటేజ్ అనే అధ్యయనంలో అసలు వ్యాయామం చేయని కుటుంబాల చేత ఇరవై వారాలు ఒకే తరహా సాధన చేయిస్తే, నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్ కొందరికి లీటరుకు పైగా పెరిగింది, కొందరికి ఏమీ పెరగలేదు. ఆ తేడాలో దాదాపు సగం కుటుంబాలను బట్టి నడిచింది. వీటిని కాదనేవాళ్లు మూర్ఖులు. కానీ వంశంలో ఉంది అనడం ఒకటి, అది ఎక్కడుందో ఉమ్మిలో చదవగలం అనడం మరొకటి. ఎత్తు సంగతి చూడండి. కొలవడానికి టేపు చాలు, అది వంశపారంపర్యమనడంలో ఎవరికీ సందేహం లేదు. 2022లో 54 లక్షల మంది డీఎన్‌ఏను కలిపి చూస్తే ఎత్తుతో సంబంధమున్న తేడాలు 12,000కు పైగా బయటపడ్డాయి. అవన్నీ కలిపినా యూరప్ మూలాలున్నవాళ్ల ఎత్తులో ఉన్న తేడాల్లో నలభై శాతమే వివరించగలిగాయి, మిగతా జనాల్లో అంతకన్నా బాగా తక్కువ. ఎత్తుకే ఇంత పాటైతే, పరుగుకూ బరువుకూ ఒకటో రెండో పదో జన్యువులు చూసి తీర్పు చెప్పే రిపోర్టును ఏమనాలి? కవలల 66 శాతం కూడా అక్కడి తిండి, అక్కడి బడులు, అక్కడి మైదానాల మధ్య తీసిన లెక్క. అందరికీ గ్రౌండు దొరికే చోట తేడాలు జన్యువుల వల్ల వచ్చినట్టు కనిపిస్తాయి, కొందరికే దొరికే చోట గ్రౌండు వల్ల వస్తాయి. ఒక్క జన్యువు అద్భుతం చేసిన సందర్భమూ లేకపోలేదు. ఫిన్లండ్ స్కీయర్ ఈరో మాంటిరాంటాకు పుట్టుకతోనే ఎర్ర రక్తకణాలు విపరీతంగా తయారయ్యే మార్పు ఉంది, ఆయన ఏడు ఒలింపిక్ పతకాలు గెలిచాడు. అయితే అది ఒక కుటుంబంలో కనిపించిన అరుదైన మార్పు, పైగా ఆయన గెలిచిన చాన్నాళ్లకు బయటపడింది.

మన సంగతికొస్తే ఇంకో చిక్కుంది. ఈ రిపోర్టుల వెనకున్న పరిశోధన ఎక్కువభాగం యూరప్ మూలాల జనం మీద జరిగింది. ప్రపంచ జన్యు వైవిధ్యాన్ని నమోదు చేసిన వెయ్యి జీనోముల ప్రాజెక్టులో మనవాళ్లకూ చోటు దక్కింది, ‘బ్రిటన్‌లోని భారతీయ తెలుగువారు’ అన్న పేరుతో. ఓ వంద మంది. వాళ్లు ఏం తింటారో, ఎంత ఎత్తుంటారో, బడిలో కబడ్డీ ఆడారో లేదో ఆ ప్రాజెక్టు రాసుకోలేదు. అది దాని పని కాదు కూడా. తెలుగు క్రీడాకారుల్నీ తెలుగు మామూలు జనాన్నీ పక్కపక్కన పెట్టి తూచిన లెక్క మీదుగా ఏ రిపోర్టూ రావడం లేదు. ఆస్ట్రేలియా తెల్లవాళ్ల సగటును సాలూరు కుర్రాడి మీద వేసి తీర్పు చెబుతున్నారు.

‘సరదాకు చూసుకుంటే నష్టమేంటి?’ అన్నది తరచూ వినపడే మాట. నలభై ఏళ్లవాడు తన హైస్కూలు కథకు ఒక ముగింపు కొనుక్కుంటే నిజంగానే నష్టం లేదు, డబ్బు తప్ప. ఆ మాట అక్కడ ఆగడం లేదు, పిల్లల మీదకు దిగుతోంది. 2015లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఒక బ్రిటిష్ క్రీడావైద్య పత్రికలో ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. పిల్లల్లో ప్రతిభ గుర్తించడానికి, సాధన మలచడానికి ఇలాంటి పరీక్షలకు ఎలాంటి పాత్రా లేదని అందులో తేల్చి చెప్పారు. పిల్లవాడు వేగంగా పరిగెత్తగలడో లేదో తెలుసుకోవడానికి స్టాప్‌వాచ్ ఉంది. పరిగెత్తించి చూడొచ్చు, ఆర్నెల్లు నేర్పి మళ్లీ చూడొచ్చు. అది పరుగునే కొలుస్తుంది. రిపోర్టు పరుగుకు ఒక శాతం మేర సంబంధమున్నదాన్ని కొలిచి పరుగు గురించి మాట్లాడుతుంది. జన్యు పరీక్ష అన్నదాని మీదే నాకు గిట్టనితనం ఉందనుకుంటే పొరపాటు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలున్నాయి. హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడమే దానికి కారణం. జబ్బు ఉన్న పిల్లను ఎండలో పరిగెత్తిస్తే ప్రాణం మీదకు రావచ్చు. మారిన ప్రతి ఒక్కటే ఉన్నవాళ్లకు కూడా విపరీతమైన శ్రమలో అరుదుగా ప్రమాదం ఉందని అమెరికా కాలేజీ క్రీడల్లో ఆటగాళ్లను ముందే పరీక్షిస్తున్నారు. ఇక్కడ కారణం ఒక్కటే, ఫలితం తేటతెల్లం, చేయాల్సిన పనీ తెలుసు. చవకైన ఆ పరీక్ష ఏజెన్సీ హాస్టళ్లలో ఆడే ప్రతి పిల్లకూ జరగాలి. వేలు పోసి పట్నంలో కొనుక్కునే ‘పవర్’ పేజీకి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

చివరగా మిగిలేది రేపటి మీద ఆశ. శాస్త్రం ఇవాళ చెప్పలేకపోయినా ఇంకో ఇరవై ఏళ్లకు చెబుతుంది కదా అంటారు. చెప్పొచ్చు. అయితే ఆ రోజు రావాలంటే ఏం కావాలో చూడండి. వేలమంది తెలుగు పిల్లల రక్తం ఒక్కటే చాలదు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఏ వయసులో బారు పట్టారు, ఎన్నేళ్లు ఎత్తారు, ఏ నెలలో ఎన్ని కిలోలు పెరిగారు, హిమోగ్లోబిన్ ఎంత, గాయాలెన్ని, ఎవరు ఎందుకు మానేశారు అన్న లెక్కలు ఏళ్ల తరబడి రాసి ఉండాలి. ఆ లెక్కలు లేబొరేటరీలో పుట్టవు. బారు ఉన్న ఊళ్లలోనే, పిల్లలు రోజూ వచ్చే షెడ్లలోనే, జీతం అందుకునే కోచ్ చేతి రాతలోనే పుట్టాలి. అలాంటి షెడ్లు ఇవాళ రెండు జిల్లాల్లో ఎన్ని ఊళ్లలో ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జన్యు పరీక్ష ఎంత ఎదిగినా ముందు ఆ షెడ్లు కట్టక తప్పదు, కట్టాక ఎవరు ఎత్తగలరో తెలుసుకోవడానికి ఉమ్మి కోసం ఆగాల్సిన పనీ ఉండదు.